పొగడ్తయు ముఖస్తుతియు

మనుష్యుడు సంఘజీవి. పలువురు కలిసి యొకచోట నివసించునపుడు ఆ పలువురి మేలు కొరకు ముందు నడచువారు కొందరు కావలయును. ఊరికి బడి కావలెనన్నను, చెరువునకు గట్టు వేయవలెనన్నను, వరద వచ్చినపుడు దిక్కులేనివారిని మెట్టకు చేర్చవలెనన్నను ఎవరో యొకరు ముందుగా లేచి నిలువవలయును. అట్టివారినే నాయకులందురు. వారు తమ పనులను మానుకొని, తమ సొమ్మును వెచ్చించి, ఒక్కొక్కప్పుడు ప్రాణములకు తెగించియు పరుల కొరకు పాటుపడుదురు. వారు చేసిన మేలును గుర్తించి మెచ్చుకొనుట మనుష్యధర్మము. మేలును మరచుట కృతఘ్నత. కృతఘ్నతను మించిన దోషము లేదని పెద్దలు చెప్పుదురు.

అయినను ఈ మెచ్చుకొనుటలో ఒక చిక్కు కలదు. సభలో ఒకడు లేచి నాయకుని గుణములను వర్ణింపగా, వినువారిలో కొందరు ఒకరి ముఖమొకరు చూచుకొని నవ్వుదురు. “వీనికి ఆయనతో ఏదో పని పడినది” అని చెవులు కొరుకుకొందురు. ఈ నిందకు వెరచి సజ్జనులు పలువురు నోరు మెదపరు. మెచ్చదగినవారిని మెచ్చవలసినవారు ఇట్లు మౌనము వహింపగా, ఎవరినైనను మెచ్చుటకు సిద్ధముగా నుండువారి కంఠములే సభలలో మారుమ్రోగును. ఇది సంఘమునకు గొప్ప నష్టము. కావున ఉచితమైన పొగడ్త ఏది, ముఖస్తుతి ఏది యను వివేకము ప్రతివారికిని అవసరము.

ముఖస్తుతి యనగా ఎదుట నున్నవాని ముఖము చూచి, అతని మెప్పు కొరకు చేయు స్తుతి. దీనినే ఇచ్చకమనియు అందురు. ఎదుటివానికి ఏది ఇచ్చయో దానిని పలుకుట ఇచ్చకము. పొగడ్త యట్టిది కాదు. ఉన్న గుణమును ఉన్నట్లు, జరిగిన మేలును జరిగినట్లు చెప్పుట పొగడ్త. రెండింటియందును మాటలు తీయగానే యుండును. కావున మాటల తీపిని బట్టి వీనిని వేరు చేయుట సాధ్యము కాదు.

గుంటూరు జిల్లాలో తెనాలికి చేరువ నున్న దుగ్గిరాల పసుపు వ్యాపారమునకు పేరు పొందిన ఊరు. రైతులు పసుపును ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి అమ్మకమునకు తెత్తురు. మెరుగుపెట్టిన కొమ్ములు పైకి ఇంచుమించు ఒక్క తీరుగనే కనబడును. నేర్పరియైన కొనుగోలుదారుడు ఆ మెరుగును మాత్రమే చూచి తృప్తిపడడు. కొమ్మును విరిచి లోపలి రంగును చూచును. పొగడ్తను గూడ అట్లే విరిచి చూడవలయును. దాని లోపల జరిగిన పని యొకటి కలదా, లేక పైమెరుగు మాత్రమే కలదా యని పరీక్షింపవలయును. ఈ పరీక్షలో మొదటిది, ముఖ్యమైనది ఇదియే.

ముఖస్తుతి వలన ముగ్గురికి చెరుపు కలుగును. మొదట చెడువాడు నాయకుడు. రావణుని కథ దీనికి నిదర్శనము. సీత నపహరింప తలపెట్టి వచ్చిన రావణునకు మారీచుడు హితము చెప్పెను. ఆ పని లంకకు చేటు తెచ్చునని స్పష్టముగా పలికెను. కాని ఇంపైన మాటలకు అలవాటుపడిన రావణుని చెవులకు ఆ హితము రుచింపలేదు. ఫలితము లోకమెరిగినదే. రెండవ చెరుపు ఇచ్చకము పలుకువానిది. అతని మాటకు విలువ తగ్గిపోవును. అతడు నిజముగా మెచ్చుకొనిన దినమున గూడ ఎవరును నమ్మరు. మూడవ చెరుపు సంఘమునకు. మంచి పనికిని, చెడ్డ పనికిని ఒకే తీరు చప్పట్లు మ్రోగినచో మంచి పని చేయవలయునను ఉత్సాహము ఎవరికి కలుగును?

ఈ విషయమును ఒక మహనీయుని జీవితమును ఆధారము చేసికొని పరిశీలించిన తేటపడగలదు. తెలుగువారి ఇంటిపేర్లలో పెక్కు ఊరిపేర్లే. దుగ్గిరాల యను పేరును ఇంటిపేరుగా గలవారిలో దేశమంతట ప్రసిద్ధికెక్కినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఈయన 1889 జూన్ 2వ తేదీన కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి బంధువుల పోషణలో పెరిగెను. పట్టుదలతో విదేశమునకు వెళ్ళి ఎడింబరో విశ్వవిద్యాలయములో ఎం.ఏ. పట్టము పొందెను. కళాతత్త్వవేత్తయైన ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమునకు అనువదించెను. ఆ గ్రంథమును 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించెను. స్వదేశమునకు వచ్చిన పిమ్మట అధ్యాపకుడుగా పనిచేసి, తుదకు ఉద్యోగమును వీడి స్వాతంత్ర్యోద్యమమున ప్రవేశించెను. ప్రజలు ఆయనను “ఆంధ్రరత్న” యని గౌరవించిరి.

ఇచ్చట ఒక క్షణము ఆగి ఆలోచింపవలయును. రత్నమను బిరుదు చాల గొప్పది. ఆ మాట యొక్కటి మాత్రమే విన్నవానికి గోపాలకృష్ణయ్యను గూర్చి ఏమి తెలియును? ఏమియు తెలియదు. రత్నము, సింహము, సూర్యుడు, కల్పవృక్షము అను మాటలు ఎవరికైనను అమర్పవచ్చును. ఒకని కొరకు వ్రాసిన స్తుతిలో పేరు మార్చి మరియొకనికి చదువ వీలైనచో అది ఆ ఇరువురిలో ఎవరికిని చెందినది కాదు. బిరుదు వెనుక నున్న పని యేది యని అడిగినప్పుడే ఆ బిరుదు యొక్క విలువ తెలియును. గోపాలకృష్ణయ్య బిరుదు వెనుక నున్న పనులలో ప్రధానమైనది చీరాల పేరాల ఉద్యమము.

దుగ్గిరాల, తెనాలి, బాపట్లల మీదుగా దక్షిణమునకు సాగు రైలుమార్గముననే చీరాల కలదు. దానికి ఆనుకొని పేరాల కలదు. చేనేతకు పేరుగాంచిన ఈ రెండు ఊళ్ళను కలిపి 1919లో నాటి మద్రాసు ప్రభుత్వము పురపాలక సంఘముగా మార్చెను. అంతకు ముందు ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000 రూపాయల వరకు పెరుగు స్థితి యేర్పడెను. నేతపని చేసికొని జీవించు పేదలకు ఇది మోయరాని బరువు. వారు అర్జీలు పెట్టుకొనిరి. ప్రభుత్వము వినలేదు. ప్రజలు పన్ను చెల్లింప నిరాకరించిరి. కొందరు చెరసాలకు వెళ్ళిరి. ఈ పోరాటమునకు గోపాలకృష్ణయ్య నాయకత్వము వహించెను. ఆయన “రామదండు” అను సేవాదళమును కూర్చెను. 1921లో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సమావేశములలో ఆ దళము జనసమూహమును క్రమశిక్షణతో నడిపి పేరు పొందెను.

ఆ సమావేశముల పిమ్మట, 1921 ఏప్రిల్ నెలలో, గాంధీజీ చీరాలకు వచ్చెను. శాంతియుతముగా పన్ను నిరాకరించుచు శిక్షల ననుభవించుట యొక మార్గమనియు, ఊరినే విడిచి పురపాలక సంఘపు హద్దులు దాటి వెలుపల నివసించుట మరియొక మార్గమనియు ఆయన సూచించెను. ప్రజలే లేనిచో పురపాలక సంఘము ఎవరి నుండి పన్ను వసూలు చేయగలదు? అయితే ఈ మార్గమును అవలంబించినచో దాని భారమును ప్రజలే వహింపవలయుననియు, కాంగ్రెసు నుండి ధనసహాయమును ఆశింపరాదనియు ముందే తెలిపెను. గాంధీజీ ప్రవర్తన గమనింపదగినది. “మీరు మహావీరులు, మీకు అసాధ్యమేదియు లేదు” అని ఉబ్బించి ఆయన వారిని ముందునకు త్రోయలేదు. రాబోవు కష్టమును చెప్పి, నిర్ణయమును వారికే విడిచెను. ప్రజలను పొగడి పని చేయించుకొనుట గూడ ముఖస్తుతియే. నాయకులను ప్రజలు ఉబ్బించుట ఎంత దోషమో, ప్రజలను నాయకులు ఉబ్బించుటయు అంత దోషమే.

గోపాలకృష్ణయ్య పిలుపు నందుకొని ప్రజలు రెండవ మార్గమును ఎన్నుకొనిరి. ఆ రెండు ఊళ్ళ జనసంఖ్య సుమారు 15,000. వారిలో 13,000 మందికి పైగా తమ ఇండ్లను విడిచి వెలుపలి పొలములలో పాకలు వేసికొనిరి. ఆ క్రొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టిరి. ముసలివారు, పసిపిల్లలు, బాలింతలు సైతము ఆ పాకలలో ఎండకును, వానకును, చలికిని ఓర్చి దాదాపు 11 నెలలు నివసించిరి. ఇంతలో గోపాలకృష్ణయ్య బరంపురములో ప్రసంగింపరాదను ప్రభుత్వాజ్ఞను ధిక్కరించి, ఒక సంవత్సరము కారాగారశిక్ష పొంది తిరుచిరాపల్లి చెరకు వెళ్ళెను. నాయకుడు దూరమయ్యెను. ధనము కొరవడెను. చివరకు ప్రజలు తమ పాత యిండ్లకు మరలి వచ్చిరి. వారు ఆశించిన విజయము ఆనాడు చేకూరలేదు. గోపాలకృష్ణయ్య క్షయవ్యాధికి గురియై, 1928 జూన్ 10వ తేదీన, నలుబదియేండ్లయినను నిండకుండగనే మరణించెను. విజయవాడలోని ఆంధ్రరత్న భవనము ఆయన పేరును నిలుపుచున్నది.

ఈ చరిత్రను చెప్పు విధములు రెండు కలవు. ముఖస్తుతికి అలవాటుపడినవాడు, “ఆయన కనుసన్నతో ప్రభుత్వము గడగడలాడెను, ఆయన ఎన్నడును ఓటమి నెరుగడు” అని చెప్పును. ఇది వినుటకు ఘనముగా నుండును గాని సత్యము కాదు. సత్యమును తెలిసిన శ్రోత యొక్కడున్నను ఆ ప్రసంగమంతయు నవ్వులపాలగును. దానితో పాటు గోపాలకృష్ణయ్య యొక్క నిజమైన గొప్పతనమును సైతము శంకించువారు బయలుదేరుదురు. రెండవవాడు ఇట్లు చెప్పును: “విదేశములలో చదివి సుఖముగా బ్రతుక గలిగియు ఆయన నేతవారి పన్ను బాధను తన బాధగా తలచెను. వేలకొలది జనము హింసకు దిగక పదునొకండు నెలలు నిలుచునట్లు వారిలో ధైర్యము నింపెను. తాను గూడ చెరసాలకు వెళ్ళెను. ఉద్యమము తలచిన ఫలము నొసగకపోయినను, నిరాయుధులైన పేదలు ఏకమై ఎంత కష్టమునైన సహింపగలరని దేశమునకు చూపెను.” ఈ మాటలలో ఓటమి దాపబడలేదు. అయినను, కాదు, అందువలననే, వినువాని మనస్సులో గౌరవము ఇనుమడించును.

దీని నుండి గ్రహింపవలసిన మొదటి నియమము, గుణవాచకముల కంటె చేసిన పనికి ప్రాధాన్యమీయవలయునని. “ఆయన దయామయుడు” అని పదిమారులు చెప్పుట కంటె, ఆయన ఏ సంవత్సరమున, ఎవరికి, ఏ కష్టము తీర్చెనో ఒక్కమారు చెప్పుట మేలు. పని వినబడినచో గుణమును శ్రోతలే గ్రహింతురు. లోపము గాని ఓటమి గాని ఉన్నచో దానిని కప్పిపుచ్చి కల్పన చేయరాదనునది రెండవ నియమము. సన్మానసభలో తప్పులను ఎంచి చదువవలెనని దీని అర్థము కాదు. ఏ సభలో ఏది చెప్పవలయునో ఔచిత్యము నెరిగి చెప్పవలయును. చెప్పని మాట యొకటి మిగిలినను దోషము లేదు. చెప్పిన మాటలో అసత్యము మాత్రము ఉండరాదు.

మూడవ నియమము, కీర్తిని పాలివారందరికిని పంచవలయునని. రామనగరమున కష్టపడినవాడు గోపాలకృష్ణయ్య యొక్కడే కాడు. పాకలలో పిల్లలను పెంచిన తల్లులు, మగ్గములు మోసికొని వెళ్ళిన నేతగాండ్రు ఆ కీర్తిలో భాగస్వాములు. వారి ప్రసక్తి లేకుండ నాయకుని మాత్రమే పొగడినచో ఆ పొగడ్త సగము సత్యమే యగును.

దుగ్గిరాల ప్రాంతపు పొలముల చరిత్రయు ఈ విషయమునే బోధించును. కృష్ణానది పశ్చిమపు కాలువ నీటితో ఈ ప్రాంతము సస్యశ్యామలమైనది. డెల్టా యనగానే తెలుగువారు ఆర్థర్ కాటన్ దొరను తలచుకొందురు. గోదావరిపై ధవళేశ్వరము వద్ద 1847 మొదలు 1852 వరకు ఆనకట్టను కట్టించిన కాటన్ ఆ గౌరవమునకు అర్హుడే. కాని విజయవాడ వద్ద 1852 మొదలు 1855 వరకు కృష్ణానదిపై ఆనకట్ట నిర్మాణమును దగ్గర నుండి నడిపినవాడు కెప్టెన్ చార్లెస్ ఓర్. ఆయన పేరు నెరిగినవారు అరుదు. రాళ్ళు కొట్టి, మోసి, నీటిలో నిలిచి పనిచేసిన కూలివారి పేర్లు అసలే మిగులలేదు. ఆ పాత ఆనకట్టకు బదులుగా 1957లో పూర్తియైన ప్రకాశము బ్యారేజి నేడు కాలువలకు నీరందించుచున్నది. మెచ్చుకొనువాడు ముందు విచారించి, ఏ పనికి ఎవరు కర్తలో తెలిసికొనవలయును. ఒకరి కీర్తిని మరియొకరికి కట్టబెట్టుట ఇరువురికిని అన్యాయమే.

నాలుగవ నియమము, పొగడువాని మనస్సునకు సంబంధించినది. ఈ పొగడ్త వలన లాభమెవరికి? దీనిని వివరించుటకు చీరాలకు దక్షిణముగా సముద్రతీరమున నున్న మోటుపల్లిని స్మరింపవచ్చును. నేడు చిన్న గ్రామమైన మోటుపల్లి కాకతీయుల కాలమున పెద్ద రేవుపట్టణము. అచ్చట కాకతి గణపతిదేవుడు 1244లో ఒక శాసనమును వేయించెను. దీనిని అభయశాసనమందురు. పూర్వపు రాజులు తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును బలాత్కారముగా తీసికొనుచుండిరి. అట్లు తీసికొనక, న్యాయమైన సుంకమును మాత్రమే గ్రహింతునని గణపతిదేవుడు అందు వర్తకులకు అభయమిచ్చెను. నాటి శాసనములలో రాజులకు బిరుదులు కొల్లలుగా నుండును. ఆ బిరుదులను నేడు చరిత్ర చదువువారు తప్ప తలచువారు లేరు. ఓడ మునిగి సర్వస్వము కోల్పోవుచున్న వర్తకునకు అభయమిచ్చిన ఆ యొక్క మాట మాత్రము ఏడువందల యేండ్లకు పైగా ఆ రాజునకు కీర్తి తెచ్చుచున్నది.

గణపతిదేవుని కూతురు రుద్రమదేవి ఆయన తరువాత రాజ్యమేలెను. వెనీసు నగరవాసియైన మార్కోపోలో తన యాత్రలను గూర్చి 1298లో చెప్పి వ్రాయించిన గ్రంథమున మోటుపల్లి రాజ్యపు ప్రసంగము వచ్చును. అచ్చటి రాణి న్యాయమును, శాంతిని ప్రేమించునదనియు, ప్రజలకు మిక్కిలి ప్రియమైనదనియు అందు కలదు. ఆ రాణి రుద్రమదేవియే యని చరిత్రకారులు నిర్ణయించిరి. మార్కోపోలో విదేశీయుడు. ఆయన గ్రంథము వెలువడునాటికి రుద్రమదేవి జీవించియు లేదు. ఆమె వలన ఆయనకు అగ్రహారము గాని, ఆభరణము గాని లభించునను ఆశకు తావే లేదు. కావుననే ఆస్థానమున పలికిన వేయి స్తుతుల కంటె ఈ కొద్ది మాటలకు చరిత్రలో విలువ హెచ్చు. అయితే ఆయన సైతము ఒక పొరపాటు చేసెను. గణపతిదేవుని కూతురైన రుద్రమను ఆయన భార్యగా వ్రాసెను. మనస్సు నిర్మలముగా నున్నంత మాత్రమున చాలదు. పొగడుటకు ముందు విషయమును సరిచూచుకొనుటయు అవసరమే.

నిత్యజీవితములో ఈ నియమమును పాటించుట ఎట్లు? నాయకుని వద్దకు ఏదేని సహాయము కోరి వెళ్ళినపుడు పొగడ్తతో మాట ప్రారంభింపరాదు. కోరిక వెంట వచ్చు పొగడ్త ధర వలె వినబడును. సహాయము పొందిన పిదప, మరియొక కోరిక లేని సమయమున, కృతజ్ఞత తెలుపుట శోభించును. నాయకుని ఎదుట పలికిన మాటనే ఆయన లేనిచోట గూడ పలుకవలయును. అధికారములో నుండగా ఇంద్రుడు, చంద్రుడు అని, పదవి పోయిన మరునాడు ముఖము చాటువేయుట నీచము. పదవి వీడి ఇంట కూర్చున్న పెద్దను వెదకికొని వెళ్ళి ఆయన చేసిన మేలును స్మరించువానిని లోకము ఇచ్చకపుమనిషి యని యనదు.

ఐదవ నియమము అన్నిటికంటె కష్టమైనది. గౌరవించు నాయకునితో సైతము, అవసరమైనపుడు విభేదింపగల ధైర్యము కలిగి యుండవలయును. చీరాల పేరాల ఉద్యమము జరిగిన 1921వ సంవత్సరముననే దేశమున మరియొక గొప్ప సంవాదము జరిగెను. రవీంద్రనాథ టాగూరు గాంధీజీని మహాత్ముడని గౌరవించినవాడు. అయినను సహాయనిరాకరణోద్యమములోని కొన్ని పద్ధతులు ఆయనకు నచ్చలేదు. దేశమంతయు ఆలోచింపక ఒక్కరి మాటను తలదాల్చుట మంచిది కాదని ఆయన ఒక వ్యాసమున బహిరంగముగా వ్రాసెను. గాంధీజీ కోపింపలేదు. తన పత్రికలో సమాధానము వ్రాయుచు, టాగూరును దేశమునకు మేలుకొలుపు పలుకు గొప్ప కావలివానిగా సంభావించెను. తన అభిప్రాయమును మాత్రము మార్చుకొనలేదు. వారి స్నేహమునకు లోటు రాలేదు. విభేదింప గలిగినవాడు మెచ్చుకొనినప్పుడే ఆ మెప్పునకు బరువుండును. ఎల్లప్పుడును తల యూపువాని మెప్పు గాలికి ఊగు ఆకు చప్పుడు వంటిది.

ప్రజాపాలన నడచు దేశమునకు ఇది మరింత ముఖ్యము. 1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగసభలో డాక్టరు అంబేడ్కరు చేసిన ప్రసంగమున ఈ హెచ్చరిక కలదు. జీవితమంతయు దేశసేవ చేసిన మహనీయులకు కృతజ్ఞత చూపుటలో తప్పు లేదనియు, అయితే ఆ కృతజ్ఞతకు హద్దులు గలవనియు ఆయన చెప్పెను. మతమున భక్తి ముక్తికి మార్గము కావచ్చును గాని, రాజకీయములలో వ్యక్తిపూజ నియంతృత్వమునకు దారితీయునని బోధించెను. నాయకుని దేవునిగా చేసినచో ఆయనను ప్రశ్నించు హక్కును ప్రజలు తామే వదలుకొన్న వారగుదురు.

విద్యార్థులకు సైతము ఈ విషయముతో పని గలదు. పాఠశాలకు పెద్దలు వచ్చినపుడు స్వాగతము పలుకవలసి వచ్చును. ఉపాధ్యాయులు పదవీవిరమణ చేయునపుడు సన్మానపత్రము వ్రాయవలసి వచ్చును. ఊరి కాలువలో పూడిక తీయించిన యొక పెద్దను గూర్చి వ్రాయవలెనని తలపుడు. “ఓ గ్రామరత్నమా! అపరభగీరథా!” అని ప్రారంభించుట సులభము. అంతకంటె, “మూడేండ్లుగా చివరి పొలములకు నీరందక రైతులు వలసపోవుచుండిరి. తాము ఇంటింటికి తిరిగి మనుష్యులను కూడగట్టి, తామును పార పట్టితిరి. ఆ యేడు చివరి మడి వరకు నీరు పారెను. ఆ పనిలో పాల్గొన్న ఊరివారందరి పక్షమున తమకు వందనములు” అని వ్రాసినచో ఆ పెద్ద కన్నులు చెమర్చును. వినువారును అవునవునని తల లూపుదురు. ఆ పత్రమును మరియొకరికి చదువుటకు వీలు కాదు. అది ఆయనకే చెందును.

పొగడ్తను వినువారికిని ఒక ధర్మము కలదు. మెచ్చుకొనిన ప్రతివానిని ఇచ్చకపుమనిషి యని వెక్కిరించుట తగదు. అట్టి వెక్కిరింత కృతజ్ఞతను నోరెత్తకుండ చేయును. నాయకునకును ఒక ధర్మము కలదు. పొగడ్త వినినపుడు, “ఇందులో నిజమెంత? ఇతరుల పాలెంత? ఇంకను చేయవలసినదెంత?” అని తన్ను తాను ప్రశ్నించుకొనవలయును. తన్ను పొగడినవానికి మేలు, విమర్శించినవానికి కీడు చేయు నాయకుడు తన చుట్టును ఇచ్చకపుమాటల గోడను తానే కట్టుకొనును.

నిజమైన పొగడ్త ఋణము తీర్చుట వంటిది. ఎంత అప్పు పడితిమో అంత తీర్చవలయును. తక్కువ తీర్చినచో కృతఘ్నులమగుదుము. లేని అప్పు ఉన్నదని చెప్పి హెచ్చుగా ముట్టజెప్పినచో అది లంచమగును. లెక్క సరిగా తెలిసినవాడు నిర్భయముగా ఇచ్చును. పుచ్చుకొనువాడును తల యెత్తుకొని పుచ్చుకొనును. చేసిన పనిని చెప్పి, పాలివారిని తలచి, అసత్యమును విడిచి, ప్రతిఫలమును కోరక పలికిన మెచ్చుకోలు పలికినవానికిని, పొందినవానికిని, విన్నవారికిని మేలు చేయును. అట్టి మెచ్చుకోలు కలిగిన సంఘములోనే మరునాటి నాయకులు పుట్టి పెరుగుదురు.